స్టోరీవీవర్‌తో పాఠం తయారీ: ఒడిశా సరిహద్దు బళ్లకు ఎంత పనికొస్తుంది?

రాయగడ, గజపతి, గంజాం, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లల్లో పిల్లలు మాట్లాడేది ఒక భాష, బళ్లో తెరిచే పుస్తకం ఇంకో భాష. పొద్దున్న "అప్పా, అంబలి పెట్టు" అన్న పిల్ల పది గంటలకి ఒడియా వాచకం ముందు కూర్చుంటుంది. పక్కన సవర పిల్లాడో, కువి మాట్లాడే పిల్లో ఉంటారు. చాలా ఊళ్లలో ఐదు తరగతులకీ ఇద్దరే మేష్టార్లు. ఇలాంటి గదికి పాఠం తయారు చేసుకోవాలంటే కావలసింది ఒకే కథ, ఒకే బొమ్మలు, రెండు లిపులు, ఖర్చు లేకుండా. ఆ అవసరానికి ఇప్పుడున్నవాటిలో బాగా అక్కరకొచ్చేది ప్రథమ్ బుక్స్ వాళ్లు నెట్‌లో నడిపే పిల్లల కథల వేదిక, స్టోరీవీవర్. కాకపోతే అది పాఠ్యపథకం ఇవ్వదు, పాఠానికి కావలసిన సరుకు ఇస్తుంది. ఈ తేడా తెలియక వాడితే పీరియడ్ మొత్తం కథ చెప్పడంతోనే అయిపోతుంది, పిల్లలు నేర్చుకున్నదేమిటో తేలదు.

ఈ వేదిక 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినం నాడు మొదలైంది. పుస్తకాలు చదవడానికి, దింపుకోడానికి డబ్బు కట్టనక్కర్లేదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి ప్రింటు తీసి పంచవచ్చు, అనువదించవచ్చు, కథను చిన్నది చేసి మళ్లీ పెట్టవచ్చు. ఒక్క షరతు: రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు, అనువాదకుల పేరు పోకూడదు. కాగితం కలిసొస్తుందని పుస్తకం చివరి పేజీ తీసేసి ప్రింటు వేస్తుంటారు. ఆ పేర్లు వివరంగా ఉండేది అక్కడే. ఆ పేజీ వదిలెయ్యకండి.

తెలుగు, ఒడియా, మరాఠీ పుస్తకాలు దండిగా ఉన్నాయి. సవరలో కూడా కొన్ని ఉన్నాయి, తక్కువే. ఒక కథ తెరిస్తే అది ఇంకే భాషల్లో ఉందో అక్కడే కనిపిస్తుంది. మన బళ్లకి ఈ సదుపాయమే అన్నిటికన్నా విలువైనది. బొమ్మ మారదు, పేజీ మారదు, కింద అక్షరాలే మారతాయి. తెలుగు ప్రతిలో ఐదో పేజీ చూసిన పిల్లకి ఒడియా ప్రతిలో ఐదో పేజీ అర్థం ముందే తెలుసు.

ఇక లెవెళ్ల సంగతి. మొత్తం నాలుగు. మొదటి లెవెల్లో తేలిక మాటలు, వచ్చిందే మళ్లీ రావడం, 250 మాటల లోపు. రెండో లెవెల్ 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది అంతకు మించి. చాలామంది దీన్ని తరగతి లెక్కగా తీసుకుంటారు. రెండో లెవెల్ అంటే రెండో తరగతి అనుకుని పుస్తకం చేతిలో పెట్టేస్తారు. అక్కడే తప్పుతుంది.

లెక్క వేసి చూడండి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి ముగిసేసరికి పిల్లలు నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలు చదవాలి. రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, మూడో తరగతిలో కనీసం 60. రెండో లెవెల్లో 500 మాటల కథ ఉందనుకుందాం. లక్ష్యాన్ని పూర్తిగా అందుకున్న రెండో తరగతి పిల్లకే అది ఒక్కసారి చదవడానికి ఎనిమిది నుంచి పదకొండు నిమిషాలు పడుతుంది. లక్ష్యానికి సగంలో ఉన్న పిల్లాడికి ఇరవై నిమిషాలు. నాలుగో పేజీకొచ్చేసరికి మొదటి పేజీలో ఏముందో మరిచిపోతాడు. అందుకని రెండో తరగతికి రెండో లెవెల్ పుస్తకం మేష్టారు చదివి వినిపించడానికి, మొదటి లెవెల్ పుస్తకం పిల్లలు సొంతంగా చదవడానికి. అదే రెండో లెవెల్ పుస్తకంలోంచి రెండు పేజీలు మాత్రం విడిగా తీసి చదివించడం మూడో దారి, అన్నిటికన్నా బాగా పనిచేసేది కూడా అదే.

తెలుగులో ఇంకో చిక్కుంది. మాటల లెక్క మన భాషకి సరిగ్గా కుదరదు. వేరే భాషలో మూడు మాటలైనది మనకి "ఇంట్లోంచి" అని ఒక్క మాటలో అయిపోతుంది. కాబట్టి తెలుగు ప్రతిలో మాటలు తక్కువ, పొడుగెక్కువ. పైగా లెవెల్ చెప్పేది కథ నిడివి, సరళత. గుణింతం, ఒత్తు ఎంత ఉన్నాయో చెప్పదు. మొదటి లెవెల్ అనువాదంలోనే "ఆశ్చర్యం", "స్నేహితురాలు" ఎదురుకావచ్చు. గుణింతాలు మాత్రమే వచ్చిన పిల్ల ఆ మాట దగ్గర ఆగిపోతుంది.

అందుకు మనమే వడపోసుకోవాలి. పుస్తకం దింపుకోగానే మధ్యలోంచి మూడు పేజీలు తీసుకుని పెన్సిలుతో రెండు గుర్తులు పెట్టండి: ఒత్తు ఉన్న మాట కింద గీత, ఐదక్షరాలు దాటిన మాట చుట్టూ సున్నా. గీతలు ఏమీ లేకపోతే అది ఒకటో తరగతి చివర్లో పిల్లలకి ఇచ్చేయవచ్చు. "అమ్మ", "అక్క", "పువ్వు" లాంటి ద్విత్వాలు మాత్రమే ఉంటే రెండో తరగతికి. పేజీకి మూడు గుర్తులు దాటితే అది వినిపించే పుస్తకమే. పుస్తకానికి ఐదు నిమిషాల పని. ఈ వడపోత చేసిన ముప్పై పుస్తకాలు ఫోనులో ఉంటే ఏడాదంతా వెతుకులాట ఉండదు.

ఇప్పుడు అసలు పని, పాఠం తయారీ. కథ నచ్చింది కదా అని ముందు పుస్తకం ఎంచుకుని, తర్వాత డైరీలో దానికో అభ్యసన ఫలితం (పాఠం అయ్యేసరికి పిల్లకి రావలసినది) అతికించడం మామూలుగా జరిగేది. అప్పుడు డైరీలో "పిల్లలు కథను ఆస్వాదిస్తారు" అని ఉంటుంది. అది జరిగిందో లేదో ఎవరూ చూసి చెప్పలేరు. వరస తిప్పాలి. ముందు అభ్యసన ఫలితం, తర్వాత పీరియడ్ చివర్లో పిల్ల చేసి చూపించాల్సిన పని, ఆ పనికి సాయం చేసే పుస్తకం చివర్న. ఎన్‌సీఈఆర్‌టీ 2017లో తరగతివారీగా, సబ్జెక్టువారీగా అభ్యసన ఫలితాలు ఇచ్చింది. మూడో తరగతి పరిసరాల విజ్ఞానంలో మొదటిదే తీసుకుందాం: చుట్టుపక్కల మొక్కల ఆకులు, కాండం, బెరడుల్లో ఆకారం, రంగు, స్పర్శ, వాసన లాంటి కంటికీ చేతికీ తెలిసే లక్షణాలు గుర్తించడం.

దీన్ని నలభై నిమిషాల పీరియడ్‌కి కుదించాలంటే ఆకులు ఒక్కటే తీసుకోవాలి. బెరడు ఇంకో రోజు. పిల్ల చేసి చూపాల్సినది ఒక్క వాక్యంలో రాసుకోండి: "మూడు ఆకులు చేతికిస్తే, ఒక్కోదానికీ రెండు లక్షణాలు చెబుతుంది. అందులో కనీసం ఒకటి రంగు కాకూడదు." చివరి ముక్క తప్పనిసరి. అది లేకపోతే ముప్పైమందీ "పచ్చగా ఉంది" అని కూర్చుంటారు. అది తప్పు జవాబు కాదు కాబట్టి మేష్టారు ఏమీ అనలేరు.

ఆకులు: మన కొండల్లో సులువుగా దొరికేవి అడ్డాకు, టేకు, చింత, వేప, మామిడి, జామ. ఐదుగురికో గుంపు. గుంపుకి ఆరు రకాలు, రకానికి రెండేసి, అంటే పన్నెండు ఆకులు. ముప్పైమందికి డెబ్బై రెండు. ఆ రోజు పొద్దున్నే కోసి తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. ముందురోజు కోసినవైతే చింతాకులు ముడుచుకుపోతాయి, జామాకు వాసన తగ్గుతుంది, పాఠంలో సగం అక్కడే పోతుంది. పిల్లల చేత కోయించకండి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, గన్నేరు విషం, ఉమ్మెత్త విషం. జీడిమామిడి తోటలున్న ఊళ్లలో పచ్చి జీడిపిక్క తెచ్చేస్తారు, దాని పెంకు నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఏయే ఆకులు వాడాలో మేష్టారే తేల్చాలి. పాఠం అయ్యాక చేతులు కడిగించాలి.

స్టోరీవీవర్‌లో చెట్లు, ఆకుల మీద కథలు చాలానే దొరుకుతాయి. రెండో లెవెల్లో ఒకటి, పన్నెండు పేజీలు దాటనిది, ఆకుల బొమ్మలు దగ్గరగా చూపించేది ఎంచుకోండి. బొమ్మల్లో చెట్టు దూరంగా కనబడే పుస్తకం కథగా ఎంత బాగున్నా ఈ పాఠానికి పనికిరాదు.

మొదటి ఐదు నిమిషాలు బొమ్మలే. చదవకుండా పేజీలు తిప్పుతూ "ఏటి కనబడతంది?" అని అడగాలి. పిల్లలు తెలుగులో చెప్పినా, ఒడియాలో చెప్పినా, సవరలో చెప్పినా సరే అనాలి. వెంటనే "ఎలా తెలిసింది?" అని రెండో ప్రశ్న. ఆ రెండో ప్రశ్నే పిల్లల్ని బొమ్మలో వివరాల వైపు తిప్పుతుంది. తర్వాత పది నిమిషాలు చదివి వినిపించడం. మధ్యలో రెండే చోట్ల ఆగాలి, ఏ పేజీల్లో ఆగాలో ముందే గుర్తు పెట్టుకోవాలి. పేజీ పేజీకీ ఆగి ప్రశ్నలేస్తే పది నిమిషాలు పాతికవుతాయి, చేతిపని రేపటికి పోతుంది, రేపటికి ఆకులు వాడిపోతాయి.

పదిహేను నిమిషాలు ఆకులతో. నేల మీద నాలుగు గళ్ల పట్టీ గీయించండి: ఆకారం, అంచు, తాకితే, నలిపితే వాసన. టేకాకు గరుకు వేలికి వెంటనే తెలుస్తుంది. లేత టేకాకు రెండు వేళ్ల మధ్య నలిపితే ఎర్రగా అంటుకుంటుంది. పిల్లలు ఆ ఎరుపు చూపించుకుంటూ గది అంతా తిరుగుతారు, తిరగనివ్వండి. అడ్డాకు మధ్యలో చీలిక ఉండి రెండు ముక్కలు కలిసినట్టు ఉంటుంది. విస్తళ్లు కుట్టే ఇళ్ల పిల్లలకి దాని గురించి మేష్టారికన్నా ఎక్కువ తెలుసు, వాళ్ల చేతే చెప్పించాలి. వేపాకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది.

ఇక్కడ తప్పకుండా వచ్చే తగువు చింత దగ్గర. ఒక్క ఈనె మీద వరసగా చిన్న చిన్న రేకులుంటాయి, అవన్నీ కలిపితే ఒక ఆకు. పిల్లలు ఒక్కో రేకునీ ఒక్కో ఆకుగా లెక్కపెడతారు. మూడో తరగతిలో "సంయుక్త పత్రం" అని చెప్పక్కర్లేదు. కొమ్మకి ఎక్కడ అతుక్కుందో, రాలినప్పుడు ఏది మొత్తంగా ఊడొస్తుందో చూపిస్తే చాలు. వేప కూడా అంతే కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టండి.

ఏడు నిమిషాలు రాత. బోర్డు మీద చట్రం: "ఇది ___ ఆకు. దీని అంచు ___. తాకితే ___." అదే చట్రం ఒడియాలోనూ పక్కన. రాయలేని పిల్లలు ఆకు మీద కాగితం పెట్టి రంగుపెన్సిలుతో రుద్ది, అచ్చు పడ్డాక నోటితో చెబుతారు. ఫలితం "గుర్తించడం" కాబట్టి నోటితో చెప్పినా సాధించినట్టే. రాత రాలేదని ఇక్కడ మార్కు తగ్గించకూడదు, అది భాష పీరియడ్‌లో చూసుకునే విషయం. చివరి మూడు నిమిషాలు: గుంపుకొకరు కళ్లు మూసుకుంటే చేతిలో ఆకు పెట్టడం, పేరు చెప్పి, ఎలా తెలిసిందో చెప్పడం. రోజుకి ఆరుగురి జవాబులు రాసుకుంటే వారంలో తరగతి మొత్తం తెలిసిపోతుంది.

లెక్కలకు కూడా ఇందులో కథలున్నాయి, కొలతలు, ఆకారాలు, సంఖ్యల మీద. కానీ కథ భావన వరకే పనికొస్తుంది. రెండో తరగతిలో 99 లోపు కూడికలు, తీసివేతలు నిత్యజీవితం లెక్కల్లో చేయాలంటే సంత బొమ్మ ఉన్న పేజీ చూపించి, ధరలు మన సంతలోవి రాసి, ఎనిమిదో పదో లెక్కలు మనమే తయారు చేసుకోవాలి. ఒడియా ప్రతిలో అంకెలు ఒడియా లిపిలో కనబడితే ముందే బోర్డు మీద రెండు వరసలూ రాసిపెట్టండి, లేకపోతే లెక్క తెలిసిన పిల్ల కూడా అంకె దగ్గర ఆగుతుంది.

రెండు భాషల్లో ఒకే పుస్తకం వాడే పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. ఒక వాక్యం ఒడియాలో చదివి, వెంటనే తెలుగులో చెప్పి, మళ్లీ ఒడియా వాక్యం, మళ్లీ తెలుగు. ఇలా చేస్తే రెండు రోజుల్లోనే పిల్లలు ఒడియా వాక్యం వచ్చేటప్పుడు వినడం మానేస్తారు. తెలుగు ఎలాగూ వస్తుందని ఎదురుచూస్తారు. అలా కాకుండా సోమవారం మొత్తం కథ తెలుగులో. అర్థం, పాత్రలు, ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నీ తెలుగులోనే. బుధవారం అదే కథ మొత్తం ఒడియాలో, అనువాదం లేకుండా, బొమ్మలూ సైగలూ చాలు. అయ్యాక పిల్లలకి బాగా పరిచయమైన ఒక్క పేజీ రెండు లిపుల్లోనూ పక్కపక్కన అతికించి, ఒకే అర్థమున్న మాటలు గీతలతో కలపమనాలి. శుక్రవారం ఆ ఒడియా పేజీ పిల్లలు చదవాలి. ఒడియాలో గట్టిగా, తెలుగులో నెమ్మదిగా ఉన్న పిల్లలుంటే వరస తిరగెయ్యండి.

లిపుల సంగతి తెలిసి ఉంటే తప్పులు ఎక్కడొస్తాయో ముందే ఊహించవచ్చు. రెంటికీ అక్షరాల వరస ఒకటే, అది పెద్ద సాయం. కానీ ఒడియాలో ఏత్వం గుర్తు హల్లుకి ఎడమపక్క ముందే వస్తుంది, మనకి తలకట్టు దగ్గర పైన ఉంటుంది. తెలుగు ముందు నేర్చిన పిల్ల ఒడియా మాటలో ఆ గుర్తుని వెనకటి అక్షరానికి తగిలించి చదువుతుంది. ఒడియా మాటలో హ్రస్వ దీర్ఘాల తేడా వినబడదు. అందుకని ఒడియాలో చదువు మొదలుపెట్టిన పిల్లలు తెలుగులో "పలక", "పాలక" తేడా బాగానే పట్టుకున్నా "తిను", "తీను" దగ్గర, ఎ-ఏ, ఒ-ఓ దగ్గర తడబడతారు. ఒడియాలో అకారం కొంచెం ఒకారం వైపు పలుకుతుంది, అది తెలుగు చదువులోకి పాకుతుంది. ఇటువైపు నుంచి చూస్తే మన పిల్లలు ఒడియా రాసేటప్పుడు ఒత్తి పలికే ఖ, ఘ, ధ, భ లాంటి అక్షరాలు తేల్చేస్తారు. ఇవి శ్రద్ధ లేక వచ్చే తప్పులు కావు. ఇద్దరు పిల్లలు అదే చోట తప్పితే వాళ్లని తిట్టడం ఆపి, ఆ గుర్తు మీద పది మాటల పట్టీ తయారు చెయ్యండి.

అనువాదాల నాణ్యత ఒకే తీరులో ఉండదు. ఎవరైనా అనువదించి పెట్టగలిగే వేదిక కాబట్టి చక్కటి తెలుగు పక్కనే మాటకి మాట పెట్టిన తెలుగు కూడా కనబడుతుంది. తరగతిలో వాడే ముందు మొత్తం ఒకసారి బయటికి చదవండి. నోరు తిరగని వాక్యం పిల్లలకి అసలే తిరగదు. "రాగి" అని ఉన్నచోట మన పిల్లలు "చోడి" అంటారు. పుస్తకంలో మాట మార్చక్కర్లేదు, బొమ్మలు చూపించే ఐదు నిమిషాల్లో రెండు మాటలూ కలిపి చెబితే సరిపోతుంది. పేజీకి అలాంటి కొత్త మాటలు రెండు దాటితే ఆ పుస్తకం పక్కన పెట్టడమే మేలు.

ప్రింటు విషయం. పీడీఎఫ్ దింపుకోవాలంటే ఉచిత లాగిన్ ఉండాలి. కొండమీది బ్లాకుల్లో సిగ్నల్ నమ్ముకోలేం, బజారుకి దిగినప్పుడు నెలకి సరిపడా దింపుకోవడం మంచిది. పదహారు పేజీల పుస్తకం ఏ4 కాగితానికి ఒకవైపు రెండేసి పేజీలు, రెండువైపులా వేస్తే నాలుగు కాగితాల్లో వస్తుంది. నలుపు తెలుపు జిరాక్సులో రాత్రి బొమ్మలు, అడవి బొమ్మలు మసిబారిపోతాయి, వాటి మీద అచ్చయిన అక్షరాలు కనబడవు. తెల్లని నేల మీద అక్షరాలున్న పుస్తకాలే జిరాక్సుకి తియ్యండి. మిగతావి ఫోనులో చూపించడానికి ఉంచుకోండి. వర్క్‌షీట్ కోసం పీడీఎఫ్‌లోంచి తెలుగు వాక్యాలు కాపీ చేస్తే చాలాసార్లు ఒత్తులు చెదిరిపోతాయి. ఆ నాలుగు వాక్యాలు మళ్లీ టైపు చేసుకోవడమే త్వరగా తెమిలే దారి. మాట వెలుగుతూ గొంతు వినిపించే రీడ్‌అలాంగ్‌లు అన్ని పుస్తకాలకీ, అన్ని భాషలకీ ఉండవు, పాఠం రాసుకునే ముందే చూసుకోవాలి.

చదువు వేగం కొలవడానికి కూడా ఈ పుస్తకాలు చక్కగా సరిపోతాయి. తరగతిలో ఎప్పుడూ వాడని పుస్తకంలోంచి అరవై మాటలు తీసుకోండి. ఒక నిమిషం చదివించి, తప్పిన మాటలు తీసేసి లెక్కపెట్టండి, తర్వాత రెండు ప్రశ్నలు అడగండి. రోజుకి ఐదుగురు, ఆరు రోజుల్లో ముప్పైమంది. చదివిన కథతో కొలిస్తే జ్ఞాపకాన్ని కొలిచినట్టవుతుంది. తెలుగు లెక్కనీ ఒడియా లెక్కనీ ఒకదానితో ఒకటి పోల్చకండి. మాటల నిడివి వేరు, అందుకే 2022 జాతీయ పునాది అధ్యయనంలో కూడా చదువు ప్రమాణాలు భాషకి భాషకి విడిగా పెట్టారు.

దీక్షతో పోల్చి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. 2017 సెప్టెంబరు 5న మొదలైన ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్ష పాఠ్యపుస్తకాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. వాచకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం సామగ్రి వస్తుంది. పాఠం పూర్తి చేయడానికి అది బాగుంటుంది. మన వాళ్లకి ఇబ్బంది ఏమిటంటే బోర్డు దగ్గర ఒడిశా పెట్టుకుంటే తెలుగు మాధ్యమం సామగ్రి రాకపోవచ్చు. బోర్డు ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ అని, మాధ్యమం తెలుగు అని మార్చుకుని చూడండి. పాఠం దీక్షలో, అదనపు చదువు స్టోరీవీవర్‌లో పెట్టుకుంటే రెండూ చక్కగా నడుస్తాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి ఆటవస్తువులు, బొమ్మలతో 2023 ఫిబ్రవరిలో వచ్చిన జాదూయీ పిటారా వేరే రకం, ఒకటో తరగతికి ముందుండే బాలవాటికకి ఉపయోగం, కథల కోసం దాని మీద ఆధారపడలేం.

స్టోరీవీవర్‌లో లేనివి కూడా చెప్పాలి. మన వాచకంలో పాఠం పేరు కొడితే దానికి సరిపోయే పుస్తకం వచ్చే ఏర్పాటు కాదది. అంశం పేరుతో, లెవెల్‌తో వెతుక్కోవాలి. "నీళ్లు", "వాన", "చెరువు" అని మూడు రకాలుగా వెతికితేనే ఉన్నవన్నీ బయటపడతాయి. నాలుగు, ఐదు తరగతుల సాంఘిక విషయాలకి, పటాలకి పెద్దగా సాయం దొరకదు. ఒకటి నుంచి మూడు దాకా భాషకీ, పరిసరాల విజ్ఞానానికీ కళ్లు మూసుకుని సిఫారసు చేయవచ్చు. మహారాష్ట్ర వైపు సిరొంచా, కిన్వట్, దెగ్లూరు ప్రాంతాల్లో తెలుగు, మరాఠీ జతకి కూడా ఇదే పద్ధతి సరిపోతుంది. అక్కడ మరాఠీ రాసే బాలబోధ (దేవనాగరి) లిపిలో ఇత్వం గుర్తు హల్లుకి ముందొస్తుంది కాబట్టి తప్పులు ఆ గుర్తు దగ్గర వెతకాలి.

కావలసిన కథ ఒడియాలో ఉండి తెలుగులో లేకపోతే మీరే అనువదించవచ్చు. లాగిన్ అయ్యి, కథ తెరిచి, అనువాదం అన్నచోట నొక్కి, తెలుగు ఎంచుకుంటే మూల వాక్యం ఎదురుగా కనబడుతూ పేజీ పేజీకి టైపు చేయవచ్చు. ఒక్కో పేజీలో మూలానికన్నా పొడుగు వాక్యం రాయకండి, అక్షరాలు బొమ్మ మీదకి పోతాయి. లెవెల్ మూలంలో ఏముంటే అదే ఉంచేయకుండా, ఒత్తులు ఎన్నున్నాయో చూసి తేల్చుకోండి. పెట్టే ముందు మూడో తరగతి పిల్ల చేత ఒకసారి బయటికి చదివించండి. ఎక్కడ ఆగిందో ఆ మాట మార్చి, అప్పుడు పబ్లిష్ నొక్కండి.